చెప్పు దారి చెప్పింది... మన సికింద్రాబాద్‌లోనే!

బూటులో బ్లూటూత్ పెడితే స్మార్ట్ అయిపోతుందా? పదేళ్ల క్రితం సికింద్రాబాద్ కుర్రాళ్లు ప్రపంచం మొత్తం తిరిగి చూసేలా చేసిన ప్రయోగం ఇది. మీ చేతికున్న వాచ్‌కీ, చెవిలో ఉన్న ఇయర్‌బడ్స్‌కీ ఈ కథలో పనికొచ్చే పాఠాలున్నాయి.

చిలకలగూడ చౌరస్తాలో నిలబడి ఫ్రెండ్ రూమ్ వెతకడం ఎప్పుడైనా ట్రై చేశారా? సికింద్రాబాద్ స్టేషన్ వెనకాల గల్లీలవి. ఒక గల్లీలోంచి ఇంకో గల్లీ, అందులోంచి మరోటి. మెట్టుగూడ వైపు వెళ్లాల్సినవాడు సీతాఫల్‌మండి వైపు తేలుతాడు. చేతిలో ఫోన్, ఫోన్‌లో మ్యాప్, మ్యాప్‌లో నీలం చుక్క. ఆ చుక్కనే చూస్తూ నడుస్తుంటే వెనక నుంచి ఆటో హారన్, ముందు అడ్డంగా పెట్టిన బండి. చివరికి ఫోన్ కాల్ తప్పదు.

"అన్నా, యాడున్నవ్?"

"చౌరస్తా కాడ."

"సీదా వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ కాడ రైట్ తిరుగు."

"ఏ ట్రాన్స్‌ఫార్మర్ రా? ఇక్కడ రెండున్నయ్!"

ఇప్పుడు ఇలా ఊహించుకోండి. ఫోన్ జేబులోనే ఉంది. మీరు మామూలుగా నడుస్తున్నారు. మలుపు దగ్గరికి రాగానే కుడి కాలి కింద చిన్న గుర్రుమన్న కదలిక. అంటే కుడికి తిరగాలి. ఎడమ కాలి కింద గుర్రుమంటే ఎడమకి. తల దించక్కర్లేదు, స్క్రీన్ చూడక్కర్లేదు. మీ బూటే దారి చెబుతోంది.

సైన్స్ ఫిక్షన్ సినిమా సీన్ కాదిది. ఇలాంటి బూట్లు నిజంగా తయారయ్యాయి. వాటిని కంపెనీ తయారు చేసింది ఎక్కడో సిలికాన్ వ్యాలీలో కాదు, మన సికింద్రాబాద్‌లోనే.

లే చల్... అంటే తీసుకెళ్లు

2011లో బెంగళూరులోని హెచ్‌పీ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న అనిరుధ్ శర్మ అనే యువకుడు ఒక బూటు తీసుకుని దానికి ఆర్డువినో లిలీప్యాడ్ బోర్డు కట్టాడు. చిన్న చిన్న వైబ్రేషన్ మోటార్లు పెట్టాడు. ముందున్న అడ్డును పసిగట్టే సెన్సర్ ఒకటి జత చేశాడు. బ్లూటూత్‌తో ఆండ్రాయిడ్ ఫోన్‌కి కలిపాడు. ఇదంతా ఎవరి కోసం? కళ్లు కనిపించనివాళ్ల కోసం. పేరు 'లేచల్'. హిందీలో 'లే చల్' అంటే తీసుకెళ్లు అని అర్థం.

అమెరికాలో చదువుకుని వచ్చిన క్రిస్పియన్ లారెన్స్ ఆయనతో చేతులు కలిపాడు. అదే సంవత్సరం డ్యూసెరె టెక్నాలజీస్ పుట్టింది. ఒక అపార్ట్‌మెంట్‌లో మొదలైన ఆ చిన్న కంపెనీ 2014 నాటికి సికింద్రాబాద్ నుంచే అంతర్జాతీయ పత్రికల్లో హెడ్‌లైన్ అయింది. ధర 100 డాలర్ల పైనే అన్నా, పాతిక వేల జతలకు ముందస్తు ఆర్డర్లు వచ్చాయని కంపెనీ అప్పట్లో చెప్పుకుంది. తర్వాత అనిరుధ్ దారి మారింది. వాహనాల పొగలోని మసితో నల్ల ఇంకు తయారు చేసే గ్రావికీ ల్యాబ్స్ కూడా ఆయనదే.

లేచల్‌లో అందరికీ నచ్చిన పాయింట్ ఒకటుంది. ఎలక్ట్రానిక్స్ అంతా ఒక చిన్న డబ్బీ లాంటి పాడ్‌లో ఉంటుంది. ఆ పాడ్‌ని బూటులోంచి తీసేయొచ్చు, మళ్లీ పెట్టుకోవచ్చు. ఆ కంపెనీ బూట్లే కొనక్కర్లేదు. షూ లోపల వేసుకునే అట్ట, అంటే ఇన్‌సోల్ రూపంలోనూ దొరికేది. చార్జర్ దగ్గర చిటికె వేస్తే చార్జింగ్ ఎంతుందో శబ్దంతో చెప్పేలా చేశారు. కళ్లున్నవాళ్లకి అది సరదా ఫీచర్. లేనివాళ్లకి అదే అవసరం.

చెవిని ఖాళీగా ఉంచాలి

'గూగుల్ మ్యాప్స్ మాట్లాడుతుంది కదా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే సరిపోదా?' అని మీకు డౌట్ రావచ్చు. మనకైతే సరిపోతుంది. కానీ చూపు లేని మనిషి రోడ్డు మీద చెవులతోనే చూస్తాడు. ఆటో ఎటు నుంచి వస్తోంది, బస్సు ఆగిందా కదిలిందా, ఎదురుగా మనిషి ఉన్నాడా గోడ ఉందా, అన్నీ శబ్దాల్లోంచే తెలుసుకుంటాడు. ఆ చెవుల్లో 'రెండు వందల మీటర్ల తర్వాత కుడికి తిరగండి' అని నింపేస్తే మిగతా రోడ్డంతా మాయమైపోతుంది.

కాలి కింద వైబ్రేషన్ అయితే చెవిని ఖాళీగా వదిలేస్తుంది. చెయ్యి కూడా ఖాళీ. ఒక చేతిలో తెల్లకర్ర పట్టుకునే మనిషికి రెండో చెయ్యి ఎంత విలువైనదో చెప్పక్కర్లేదు. అందుకే డ్యూసెరె టీమ్ హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రితో కలిసి ఈ బూట్లను పరీక్షించింది. మామూలు కస్టమర్లకి అమ్మగా వచ్చిన లాభంతో చూపు లేనివాళ్లకి తక్కువ ధరకి ఇవ్వాలన్నది వాళ్ల ఆలోచన.

మెదడు జేబులో, స్పర్శ పాదంలో

ఇంతకీ ఆ పాడ్ లోపల ఏముంటుంది? బ్లూటూత్ చిప్, వైబ్రేషన్ మోటార్, కదలికను కొలిచే యాక్సెలరోమీటర్, చిన్న బ్యాటరీ. దాదాపు అంతే. జీపీఎస్ ఉండదు.

ఎందుకు ఉండదు? జీపీఎస్‌కి ఆకాశం కనిపించాలి. కాలి కింద నుంచి ఆకాశం ఎలా కనిపిస్తుంది! పైగా అది బ్యాటరీని గటగటా తాగేస్తుంది. అందుకే దారి వెతికే పని ఫోన్‌కి వదిలేసి, 'ఇప్పుడు కుడి' అన్న ఒక్క ముక్కనే బ్లూటూత్ ద్వారా బూటుకి పంపిస్తారు. ఇప్పుడు మనం వాడే ఫిట్‌నెస్ బ్యాండ్లలో చాలావరకు నడిచేది ఈ సూత్రం మీదే. పెద్ద బుర్ర ఫోన్‌ది, చిన్న పని వస్తువుది.

2011లోనే ఇలాంటి ఆలోచనలు ఒక్కసారిగా పుట్టుకురావడానికి ఓ కారణముంది. 2010లో బ్లూటూత్ 4.0 వచ్చింది. దానితో పాటు తక్కువ కరెంటుతో నడిచే కొత్త పద్ధతి, బ్లూటూత్ లో ఎనర్జీ, వచ్చింది. పాత బ్లూటూత్ కనెక్ట్ అయిందంటే మేలుకునే ఉంటుంది. కొత్తది ఎక్కువసేపు నిద్రపోయి, అవసరమైనప్పుడు కొన్ని మిల్లీసెకన్లు లేచి, కబురు అందుకుని మళ్లీ పడుకుంటుంది. 2011లో ఐఫోన్ 4ఎస్‌లో, 2013లో ఆండ్రాయిడ్ 4.3లో దీనికి చోటు దొరికింది. దాంతో చిన్న బ్యాటరీ రోజుల తరబడి రావడం సాధ్యమైంది. వాచ్, తాళం, బల్బు, బూటు... అన్నింటికీ తలుపులు తెరుచుకున్నాయి.

చిప్ పెట్టడం తేలిక, చెప్పు చేయడం కష్టం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, ఎంత ఫేమస్సో మీకు తెలుసు. కంప్యూటర్ సామాన్లకి అది అడ్డా. విడి ఎలక్ట్రానిక్ పార్టులు కావాలంటే కోఠిలోని గుజరాతీ గల్లీ. వైఫై, బ్లూటూత్ రెండూ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు ఐదారు వందల్లో వస్తుంది. ఒక వీకెండ్ కూర్చుంటే ఇంజనీరింగ్ స్టూడెంట్ ఎవరైనా వైబ్రేట్ అయ్యే చెప్పు చేసేయగలడు. కాలేజీ ఎక్స్‌పోలో ప్రైజ్ కూడా కొట్టొచ్చు.

అసలు పరీక్ష రెండో వారంలో మొదలవుతుంది.

లెక్క వేద్దాం. రోజుకి 5,000 అడుగులు నడిచే మనిషిని తీసుకోండి. ఒక్కో కాలికి 2,500. ఏడాదికి 9 లక్షల పైచిలుకు. అడుగు పడిన ప్రతిసారీ ఆ మనిషి బరువంతా ఆ బూటు మీదే. టంకం వేసిన చోట వెంట్రుక వాసి పగులు వచ్చినా చాలు, పాడ్ పనిచేయదు. గోడకి తగిలించే స్మార్ట్ స్విచ్‌కి ఈ బాధ లేదు.

రెండోది నీళ్లు. బూటులో చెమట. బయట వాన. మన ఊళ్లో గట్టి వాన పడితే గల్లీలో నీళ్లు చీలమండ దాటతాయి. చార్జింగ్ పోర్ట్ ఉందంటే అక్కడ రంధ్రం ఉన్నట్టే. పోర్ట్ లేకపోతే చార్జింగ్ ఎలా? పెట్టె మీద ఐపీ67 అని రాసుంటే దుమ్ము చొరబడదని, మీటరు లోతు మంచినీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం. చెమటలోని ఉప్పు గురించి ఆ నంబర్ ఏమీ చెప్పదు.

మూడోది మన ఒళ్లే. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు ఇదే తరంగంతో నీళ్లను వేడెక్కిస్తుంది. మనిషి శరీరంలో సగానికి పైగా నీళ్లే కాబట్టి బ్లూటూత్ సిగ్నల్‌కి మనమే పెద్ద గోడ. ఫోన్ కుడి జేబులో ఉంటే ఎడమ బూటుకి కబురు అందడం కష్టమవుతుంది. ల్యాబ్‌లో టేబుల్ మీద పెట్టి చూసినప్పుడు ఈ సంగతి తెలియదు. తొడుక్కుని రోడ్డెక్కితేనే తెలుస్తుంది.

నాలుగోది కుడి ఎడమల గొడవ. ఇయర్‌బడ్స్ తారుమారైతే పాట కాస్త తేడాగా వినిపిస్తుంది, అంతే. దారి చెప్పే బూట్లలో పాడ్‌లు తారుమారైతే మనిషి ఎదురు దిక్కుకి తిరుగుతాడు. ఒక పాడ్ చార్జింగ్ అయిపోయినా అంతే. వైబ్రేషన్ రాలేదంటే 'తిరగొద్దు' అనా, 'బ్యాటరీ అయిపోయింది' అనా? ఇది తెలియకపోతే చూపు లేని మనిషి నడిరోడ్డు మీద ఆగిపోవాలి.

ఐదోది వ్యాపారం. 6 సైజులు, 3 రంగులు, ఆడా మగా... అంటే 36 రకాల జతలు. ప్రతి జతలోనూ ఎలక్ట్రానిక్స్ కుట్టేసి పెడితే, అమ్ముడుపోని సైజుల్లో చిప్పులన్నీ గోదాములోనే ముసలివైపోతాయి. అందరికీ ఒకటే పాడ్, బయటికి తీసుకునేలా చేస్తే ఆ తలనొప్పి పోతుంది. లేచల్ డిజైన్‌లోని తెలివి ఇక్కడుంది. బూటు చిరిగితే పాడ్ పదిలం. పాడ్ పాడైతే బూటు పదిలం.

ఇవన్నీ దాటాక కాగితాల పని. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని 2005లోనే లైసెన్స్ అక్కర్లేకుండా వదిలేశారు. అయినా వైర్‌లెస్ వస్తువు అమ్మాలంటే టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి ఆమోదం ఉండాలి. స్మార్ట్‌వాచ్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ లాంటి వాటికి బీఐఎస్ రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి. 'ఆర్' అక్షరంతో మొదలయ్యే ఆ నంబర్ వస్తువు మీదో పెట్టె మీదో ఉంటుంది. 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొట్టి చూస్తే నిజమో కాదో తేలిపోతుంది. ఈసారి చౌకగా ఇయర్‌బడ్స్ కొనేటప్పుడు ఒక నిమిషం ఈ పని చేయండి.

గల్లీ కన్నా పెద్ద పొరపాటు

ఇంత కష్టపడి బూటు చేశారనుకుందాం. మళ్లీ చిలకలగూడ గల్లీలోకి వద్దాం.

నెత్తిన అడ్డేమీ లేని చోట మామూలు ఫోన్ జీపీఎస్ చూపించే స్థానంలో సుమారు 5 మీటర్ల తేడా ఉంటుంది. రెండు వైపులా భవనాలుంటే ఇంకా పెరుగుతుంది. మన పాత బస్తీల్లో, గల్లీల్లో చాలా దారులు 5 మీటర్ల వెడల్పు కూడా ఉండవు. అంటే నీలం చుక్క పొరపాటు గల్లీ కన్నా పెద్దది! పది అడుగుల తేడాతో రెండు సందులుంటే ఏ సందో మ్యాప్‌కి తెలియదు. మ్యాప్‌కి తెలియనిది బూటుకి ఎక్కడి నుంచి తెలుస్తుంది?

కళ్లున్నవాడు తప్పు సందులోకి వెళ్తే నాలుగడుగులు వెనక్కి వస్తాడు. కళ్లు లేనివాడికి ఆ నాలుగడుగుల్లో మూత లేని మ్యాన్‌హోల్ ఉండొచ్చు. అందుకే దారి చెప్పే బూటు ఎంత గొప్పదైనా తెల్లకర్రని పక్కన పెట్టేయమని చెప్పలేదు. బూటు చెప్పేది 'ఎటు' అని. కర్ర చెప్పేది 'అడుగు వేయొచ్చా' అని.

ఇక్కడ ఇంకో భారతీయ వస్తువు గురించి చెప్పుకోవాలి. ఐఐటీ ఢిల్లీ టీమ్ చేసిన స్మార్ట్‌కేన్. 2014లోనే మార్కెట్లోకి వచ్చింది. ధర సుమారు 3,000 రూపాయలు. మామూలు తెల్లకర్ర నేల మీదున్న అడ్డును, మోకాలి కిందవరకు ఉన్నవాటిని పట్టుకుంటుంది. తలకి తగిలే చెట్టు కొమ్మ, తెరిచి ఉంచిన కిటికీ రెక్క, లారీ వెనక భాగం దానికి అందవు. స్మార్ట్‌కేన్ పిడిలో అల్ట్రాసౌండ్ సెన్సర్ ఉంటుంది. గబ్బిలం లాగా శబ్దం పంపించి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి మూడు మీటర్ల దూరంలోని అడ్డును కనిపెడుతుంది. పిడి వైబ్రేట్ అవుతుంది. ఆ పనికి యాప్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. బ్యాటరీ అయిపోతే? అప్పుడు కూడా అది కర్రే. చేతిలో ఉన్న ఆసరా పోదు.

యాప్ పోతే వస్తువు మిగులుతుందా?

స్మార్ట్ వస్తువులన్నింటినీ కొలిచే గీటురాయి ఇదే. చిప్ నిద్రపోయినప్పుడు ఆ వస్తువు తన పాత పని తాను చేస్తుందా?

నైకీ లాంటి మహా కంపెనీకే ఈ ప్రశ్న ఎదురైంది. 2019లో అడాప్ట్ బీబీ అని 350 డాలర్ల బాస్కెట్‌బాల్ షూ తెచ్చింది. లేసులు కట్టక్కర్లేదు. యాప్‌లో తాకితే లోపలి మోటారు బిగిస్తుంది. వచ్చిన కొన్ని రోజులకే ఆండ్రాయిడ్ ఫోన్ల ద్వారా వేసుకున్న అప్‌డేట్ తేడా కొట్టింది. కొందరి బూట్లు యాప్‌తో కలవడం మానేశాయి. 'నా బూటుకి అప్‌డేట్ ఫెయిలైంది' అని మనుషులు వాపోవడం అదే మొదలేమో! 2024 ఆగస్టులో ఆ యాప్‌ని యాప్ స్టోర్ల నుంచే తీసేశారు. బూటు మీద బటన్లు కూడా ఉండబట్టి బిగించుకోవడమైనా మిగిలింది. ఆ బటన్లు పెట్టిన డిజైనర్‌కి దండం పెట్టాలి.

పెబుల్ వాచ్ కథ ఇంకోలా ఉంటుంది. 2012లో కిక్‌స్టార్టర్‌లో కోటి డాలర్ల పైన పోగేసిన కంపెనీ 2016 చివరికి మూతపడింది. 2018లో సర్వర్లు ఆగిపోయాయి. వాచ్‌ని ప్రేమించిన అభిమానులే 'రెబుల్' అని ఒక గ్రూపు కట్టి, సొంతంగా సర్వీసులు నడిపి ఆ వాచ్‌లను బతికించుకున్నారు. అందరికీ అలాంటి అభిమానులు దొరకరు కదా.

చేతి వాచ్ ఆగిపోతే చిరాకు. కానీ చూపు లేని మనిషి ఒక బూటును నమ్మి, ఆ దారికి అలవాటుపడి, కాలేజీకో ఉద్యోగానికో ఒంటరిగా వెళ్లడం మొదలుపెట్టాక యాప్ ఆగిపోతే? పోయేది ఒక గ్యాడ్జెట్ కాదు. ఆ మనిషి సంపాదించుకున్న స్వేచ్ఛ.

ఇప్పుడు మన వంతు

లేచల్ మొదలైన రోజుల్లో ఇలాంటి వస్తువు తయారు చేయాలంటే బోర్డు నుంచి అచ్చు దాకా తిప్పలే. ఇప్పుడు సీన్ మారింది. రాయదుర్గంలో 2023 మార్చి 2న టీ-వర్క్స్ మొదలైంది. 78,000 చదరపు అడుగుల్లో త్రీడీ ప్రింటర్లు, లేజర్ కట్టర్లు, ఎలక్ట్రానిక్స్ బోర్డులు చేసే మిషన్లు. ఆలోచన ఉన్నవాళ్లు నమూనా చేసుకోవడానికి కట్టిన చోటు అది. రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లోని ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో 2025లో ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైంది. చెవిలో పెట్టారా తీశారా అని సెన్సర్‌తో పసిగట్టే వస్తువు మన పక్క ఊళ్లోనే తయారవుతోందన్నమాట.

కాబట్టి మీలో ఎవరైనా రేపు ఇలాంటి వస్తువు చేయాలనుకుంటే మూడు ప్రశ్నలు ముందే వేసుకోండి. కొనేటప్పుడు కూడా ఇవే ప్రశ్నలు.

ఒకటి, ఫోన్ లేకపోయినా, నెట్ లేకపోయినా ఇది దేనికైనా పనికొస్తుందా?

రెండు, బ్యాటరీ ముసలిదైతే మార్చుకునే దారి ఉందా, లేక మొత్తం పారేయాలా?

మూడు, ఇది పనిచేయడం ఆగిపోతే ఆ సంగతి వాడే మనిషికి తెలుస్తుందా?

మూడో ప్రశ్న స్పెసిఫికేషన్ల లిస్టులో ఎక్కడా కనిపించదు. కళ్లు కనిపించని మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని డిజైన్ చేస్తే మాత్రం మొదటి రోజే వస్తుంది. చార్జర్‌కి చిటికె వినడం నేర్పింది అలాంటి ఆలోచనే అయ్యుండాలి. వాళ్లకి పనికొచ్చేలా చేసిన వస్తువు మనందరికీ ఇంకా బాగా పనికొస్తుంది.

అన్నట్టు, చౌరస్తాలో వదిలేసిన మన కథ ఏమైంది? రెండు ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య నీలం చుక్క కాసేపు గిరగిరా తిరిగింది. చివరికి ఫ్రెండే హవాయి చెప్పులేసుకుని టపటపా నడుచుకుంటూ చౌరస్తాకి వచ్చాడు.

"పా అన్నా, గీడనే."

ఆ చెప్పుల్లో చిప్ లేదు, చార్జింగ్ గొడవ లేదు. కానీ ఆ గల్లీలో ప్రతి మలుపూ, ప్రతి గుంతా వాడికి తెలుసు. రేపటి స్మార్ట్ బూటు చేసేవాళ్లు అందుకోవాల్సింది వాడినే.